ఆయాసపడని గొంతు

మంగళవారం సాయంత్రం వీరలక్ష్మి చేతిలోని కోలాటం కర్ర ప్రసన్న చూపుడువేలికి తగిలింది. ప్రసన్న "అమ్మో!" అని అరిచింది. ఆ అరుపు సరిగ్గా తాళం మీదే పడటంతో, పాటలో అదీ ఒక ముక్కేమో అనుకుని వెనక జంట రెండడుగులు వేసేసింది కూడా.

"ఆపండి!" అన్నారు సోమేశ్వరరావు మాస్టారు.

భార్గవి స్పీకరు ఆపింది. నాగాయలంకలో మూతబడిన రైసుమిల్లు కళ్ళం అది. ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన సిమెంటు గచ్చు మీద ఇప్పుడు పదహారుమంది ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ, ఎనిమిది జంటలుగా నిలబడి ఉన్నారు. ఆదివారం గుడివాడలో పోటీలు. మామూలుగా వారానికి రెండుసార్లే వచ్చే మాస్టారు ఈ వారం మొవ్వ నుంచి రోజూ బస్సెక్కి వస్తున్నారు. అరవై నాలుగేళ్ళ మనిషి. తెల్ల లాల్చీ, చేతిలో ఇత్తడి తాళాలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం.

"మళ్ళీ అదే చోట," అన్నారాయన. "మూడో చరణం. పాట పరుగెత్తే చోటే మనం పడుకుంటున్నాం."

మనం అని పేరుకే అన్నారు. చూపు మాత్రం వీరలక్ష్మి మీదే ఉంది. ఆవిడకి యాభై ఏడు. ఊళ్ళో సగం మంది ఒంటిమీద ఉన్న జాకెట్లు ఆవిడ కుట్టినవే. పొద్దున్నుంచి మిషను తొక్కిన కాళ్ళతో సాయంత్రం ఇక్కడికొచ్చి నిలబడుతుంది.

"ఆయాసమొచ్చిందండీ," అంది వీరలక్ష్మి.

"ఆయాసం!" మాస్టారు ఆ మాటని చేదుమాత్రలా నోట్లో తిప్పారు. "ఈ పాట పాడిన భవిత ఉంది. ఐదు నిమిషాలు, మూడు చరణాలు. ఒక్కచోట, ఒక్కటంటే ఒక్కచోట, ఊపిరి పీల్చిన చప్పుడు వినపడిందా మీకు? సాధనంటే అదీ."

భవితని ఈ జట్టులో ఎవరూ చూడలేదు. పాట మాస్టారే రాశారు, బందరులో రికార్డు చేయించారు, పాడింది భవిత అనే అమ్మాయి. మొదట్లో అంతవరకే చెప్పేవారు. తర్వాత్తర్వాత ఆ పిల్ల తెల్లవారుజామునే లేచి సాధన చేస్తుందనీ, వేణ్ణీళ్ళు తప్ప తాగదనీ, పెరుగు ముట్టదనీ కూడా తెలిసింది. పెరుగన్నం లేకుండా ఆ బిడ్డ ఎలా బతుకుతోందోనని జట్టంతా జాలిపడింది.

"వీరలక్ష్మి గారూ, ఏమీ అనుకోకండి. ఆదివారం మీరు స్పీకరూ, హ్యాండుబ్యాగులూ, చెప్పులూ చూసుకోండి. అదీ ముఖ్యమైన పనే. మీ చోట దీప్తి ఆడుతుంది."

దీప్తి భార్గవి కోడలు. అత్తగారిని స్కూటీ మీద తీసుకెళ్ళడానికొచ్చి, గోడవారన ఫోను చూసుకుంటోంది. తన పేరు వినపడేసరికి ఉలిక్కిపడింది. "నేనాండీ? నాకు కర్ర పట్టుకోవడం కూడా రాదండీ."

"వయసుంది కదమ్మా. అన్నీ అదే వస్తాయి."

వీరలక్ష్మి బొడ్లో దోపిన కొంగు తీసి మొహం తుడుచుకుంది. కర్రలు రెండూ జత చేసి, కత్తెర అందించేటప్పుడు పిడి అవతలివాళ్ళ వైపు తిప్పి ఇస్తారే, అలా దీప్తి చేతికిచ్చింది. తర్వాత ప్రసన్న దగ్గరికెళ్ళి వేలు చూసి, చూస్తూ చూస్తూనే, "చంక దగ్గర కుట్టు వదిలింది నీకు, రేపు పడెయ్ నా దగ్గర," అంది.

రేవతికి అదే మండింది. ఏడేళ్ళుగా వీరలక్ష్మికి జంట తనే. ఆవిడ కర్ర ఎప్పుడు లేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. తిట్టుకున్నా బాగుండేది. ఇలా కర్రలిచ్చేసి ఊరుకోవడం చూడలేకపోయింది.

"మాస్టారూ, ఐదు రోజుల్లో దీప్తికి ఎలా వస్తుందండీ? శుక్రవారం దాకా పిన్నినే ఉంచండి. అప్పటికీ తప్పితే మీ ఇష్టం."

దీప్తి అందరికంటే గట్టిగా తలూపింది. మాస్టారు లవంగం ఇటు నుంచి అటు మార్చి, "శుక్రవారం. అంతే," అన్నారు.

*

అవనిగడ్డ సెంటర్లో వెంకటపతి గారి ఫోటో స్టూడియోలో రేవతి పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. పెళ్ళికూతురు బిడియంగా నడిస్తే పాట నెమ్మదించాలి. ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితులు ఎగిరితే పాట ఎగరాలి. టేపుల కాలంలో పాట నెమ్మదిస్తే గొంతు కూడా బొంగురుపోయేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వేగం వేరు, శ్రుతి వేరు. శ్రుతి పక్కన చిన్న తాళంకప్ప బొమ్మ ఉంటుంది. అది నొక్కి ఉంచితే పాటని సాగదీసినా గొంతు మారదు. మరీ సాగదీస్తే మాత్రం తాళాల చప్పుడు నానిన అప్పడంలా మెత్తబడుతుంది.

బుధవారం మధ్యాహ్నం క్యారేజీ తినేసి, చేతులు కడుక్కుని, భవిత పాట తెర మీదికి తీసింది. తాళంకప్ప వేసింది. నూరు మీద ఉన్న వేగాన్ని తొంభై ఏడుకి దించి విన్నది. కనిపెట్టడం కష్టం. తొంభై నాలుగు చేసి విన్నది. అదీ బానే ఉంది. ఐదు నిమిషాల పాట ఐదుం పావు అయింది. పోటీలో ఐదున్నర దాకా ఒప్పుకుంటారు. ఒక్కసారే తగ్గిస్తే పట్టేస్తారు, జ్వరం దిగినట్టు దిగాలి అనుకుని, బుధవారానికి ఒకటి, గురువారానికి ఒకటి చేసి పెట్టుకుంది.

"వదినా, పాటలో గరగర తీసేశాను. పాతది చెరిపేసి ఇది పెట్టుకోండి," అని భార్గవికి పంపింది. భార్గవి యథాప్రకారం జట్టు గ్రూపులో అందరికీ పంపింది.

బుధవారం వీరలక్ష్మి ఒక్కసారే తడబడింది. గురువారం అసలు తడబడలేదు. మూడో చరణంలో ఎనిమిది జంటల కర్రలూ ఒకే దెబ్బలా మోగేసరికి, గోడ మీది పావురాలు లేచిపోయాయి. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"చూశారా! మంగళవారం తిట్టాను, గురువారానికి ఫలించింది. మొక్కకి నీళ్ళెంతో శిష్యుడికి తిట్టంత. వినండి, ఇప్పుడు భవిత ఎంత తేలిగ్గా పాడుతున్నట్టుందో. మనం అందుకుంటే పాటే దిగొస్తుందమ్మా!"

రేవతి దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం రేవతి ఇంటికెళ్తూ దారిలో వీరలక్ష్మి గుమ్మం దగ్గర ఆగింది. ఆవిడ అప్పటికే మిషను ముందు కూచుని ప్రసన్న జాకెట్టు కుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"రేవతీ, పాటకేం చేశావు?"

"ఏం చేశాను పిన్నీ? గరగర తీశాను."

"నేను ఈ పాట పెట్టుకుని తొక్కితే, పాట అయ్యేసరికి జాకెట్టు చేతులు రెండింటికీ అంచు మడిచి కుట్టడం అయిపోతుంది. ఎన్నేళ్ళ నుంచో అంతే. ఇవాళ భార్గవి పంపింది పెట్టుకుని తొక్కాను. చేతులు రెండూ అయిపోయాయి. పాట ఇంకా ఉంది."

రేవతి గడప మీద కూలబడింది. దాచడం అనవసరమనిపించి మొత్తం చెప్పేసింది. తొంభై ఏడూ, తొంభై నాలుగూ, అన్నీ.

వీరలక్ష్మి దారం పళ్ళతో కొరికి తెంపింది. "నాకోసం పదహారుమందిని నెమ్మది చేశావా? వాళ్ళకి చెప్పకుండా?"

"చెబితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే చెప్పులు చూసుకుంటాను. నా కొలత నాకు తెలియకుండా మార్చి కుడితే ఆ జాకెట్టు వేసుకుంటానా నేను?" మిషను చక్రం మీద అరచెయ్యి పెట్టి ఆపింది. "ఇవాళ నా అంతట నేను అందుకున్నాననే అనుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఎంత సంతోషంగా ఉన్నానో తెలుసా? రేపు పాతదే పెట్టు."

*

శుక్రవారం పొద్దున రేవతి చిరాగ్గా కుర్చీలో కూచుంది. పాత పాటే ఉంటే పిన్ని తప్పుతుంది. తప్పితే చెప్పుల దగ్గర కూచుంటుంది. పిన్ని అడిగింది గనక పాత ఫైలు తీసింది. తీసిందేగానీ భార్గవికి పంపబుద్ధి కాలేదు. కోపంతో ఆ వేగం మీటని పట్టుకుని కిందికి లాగింది.

అంతకుముందు చేసిన పెళ్ళి వీడియో కోసం తాళంకప్ప తీసేసి ఉన్న సంగతి మర్చిపోయింది. వేగంతోపాటు గొంతూ దిగడం మొదలెట్టింది. తొంభై దగ్గర భవిత పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లయింది. ఎనభై ఐదు దగ్గర జలుబు చేసిన మగమనిషయింది. డెబ్భై ఏడు దగ్గర రేవతి చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"ఏమ్మా, సోమేశ్వరరావు మాస్టారొచ్చారా?" బయట కౌంటరు దగ్గర్నుంచి వెంకటపతి గారు కేకేశారు. "కుర్చీ వెయ్యి. పెద్దాయన్ని నిలబెట్టి పాడిస్తున్నావేంటి!"

రేవతి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. అనుమానం లేదు. 'శ' మీద ఆ నొక్కు, చరణం చివర గొంతులో ఆ చిన్న జీర, అన్నీ ఆయనవే. పాట ఆరున్నర నిమిషాలుంది. నిదానంగా, గంభీరంగా, కృష్ణలో పడవ దిగువకి వెళ్ళినట్టు వెళ్తోంది. ఇంత బాగా పాడతారని రేవతికి తెలియదు.

తెర మీద పాట గీతల్ని పెద్దవి చేసి చూసింది. ప్రతి పంక్తికీ ముందు, మనిషన్నవాడు ఊపిరి పీల్చుకోవాల్సిన చోట, కత్తెరతో కోసినట్టు బోసిగా ఉంది. లెక్కపెట్టింది. పద్దెనిమిది చోట్ల. మూడో చరణంలో ఒక్కచోట మాత్రం కోసినవాళ్ళు ఏమరుపాటున వదిలేసినట్టున్నారు. అక్కడ ఆయన హుఫ్‌మని పీల్చిన గాలి, వెక్కిళ్ళలా సగం మిగిలిపోయి ఉంది.

రేవతి పగలబడి నవ్వింది. వేణ్ణీళ్ళూ, తెల్లవారుజామున సాధనా గుర్తొచ్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తర్వాత, పిడి తిప్పి కర్రలిచ్చిన వీరలక్ష్మి చెయ్యి గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

*

సాయంత్రం పాత పాటే మోగింది. మూడో చరణంలో వీరలక్ష్మి ఒక్క దెబ్బ వెనకబడింది. ఎవరి వేలికీ తగల్లేదు, ఎవరూ అరవలేదు. రేవతి తన కర్రని ఆ అరక్షణం గాల్లోనే ఆపింది కూడా. కానీ మాస్టారు చూసేశారు. తల అడ్డంగా ఊపి, "దీప్తీ," అన్నారు నీరసంగా.

"మాస్టారూ," అంది రేవతి. "ఆదివారం భవిత గారిని గుడివాడ పిలుద్దామండీ."

మాస్టారు లవంగం మింగేశారు.

"అవునండీ!" అంది ప్రసన్న. "ఇన్నేళ్ళుగా ఆవిడ పాటకి ఆడుతున్నాం. ఒక్కసారి చూడొద్దా?"

"జాకెట్టు గుడ్డ పెట్టి, బొట్టు పెట్టి సత్కరిద్దాం," అంది భార్గవి. "ఫోను నంబరివ్వండి మాస్టారూ, నేను పిలుస్తాను."

"ఆ పిల్లకి ఫోనుండదమ్మా. సాధనకి అడ్డమని."

"ఏ ఊరండీ?"

"ఊరంటే... కచేరీల మీద తిరుగుతుంటుంది. రావచ్చు. చెప్పలేం. వస్తే వస్తుంది." మాస్టారు చేతి గడియారం చూసుకుని బస్సుకి టైమైందన్నారు. ఇంకా ముప్పావుగంట ఉంది.

రేవతి ఆయన వెనకే బస్టాండు దాకా నడిచింది. సిమెంటు బల్ల మీద కూచున్నాక, ఏమీ చెప్పకుండా తన ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

ఆయన ముందు మొహం చిట్లించారు. తర్వాత ఆ చిట్లింపు మెల్లగా విడిపోయింది. పల్లవి అయిపోయి మొదటి చరణం సగమయ్యేదాకా కదల్లేదు. చేతిలో తాళాలు ఒకదాన్నొకటి చప్పుడు లేకుండా తాకుతూ ఉన్నాయి.

"ఇదెక్కడ దొరికింది నీకు?"

"భవిత గొంతులోనే ఉందండీ."

ఆయన రోడ్డు వైపు తిరిగారు. "జట్లకి నా గొంతుతోనే ఇద్దామనుకున్నానమ్మా. ఆడవాళ్ళ కోలాటానికి ముసలాయన గొంతేంటండీ, ఎవరు కొంటారు అన్నారు. బందరులో రికార్డు చేసినాయన, పైకి లాగితే ఆడపిల్ల గొంతవుతుంది, పాటా చురుగ్గా ఉంటుంది అన్నాడు. లాగాడు. ఊపిరి చప్పుళ్ళు ఎలక కిచకిచల్లా వినపడ్డాయి. అవీ తీసేశాడు. పాడినామె పేరేంటని అడిగారెవరో. నోటికొచ్చింది చెప్పాను. ఒక పేరు చెప్పాక ఊరుకోనిస్తారా? ఏం తింటుందని అడుగుతారు."

"పిన్నిని ఎందుకన్నారండీ మరి ఆ మాట? మీకూ ఆయాసమేగా?"

ఆయన తల దించుకున్నారు. "చెప్పీ చెప్పీ ఆ పిల్ల నిజంగానే ఉందనిపించింది. నేను కూడా దానిముందు తీసికట్టేననిపించేది."

రేవతి అప్పుడు బుధ, గురువారాల సంగతి బయటపెట్టింది. మాస్టారు నోరు తెరిచారు.

"అంటే నేను పొగిడింది..."

"తొంభై నాలుగునండీ."

ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తేలేలోపు బస్సొచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగారు. "రేపు అందరికీ నేనే చెబుతాను, వేగం తగ్గించామని. వీరలక్ష్మి గారు ఆడతారు. ఈ గొంతు సంగతి మాత్రం..."

"ఎవరికీ చెప్పనండీ," అంది రేవతి. పెద్దాయన్ని బెదిరించి పని చేయించుకున్నట్టుగా ఉండి, ఆ మాట గట్టిగా అనలేకపోయింది.

శనివారం ఆయన మాట నిలబెట్టుకున్నారు. "ఈ పాట వేగం నాకే ఎక్కువనిపించింది. అందరికీ కలిపి తగ్గించాం. ఎవరికైనా అభ్యంతరముంటే నన్నడగండి," అన్నారు. ఎవరికీ లేదు. ప్రసన్న అయితే తనకి నెల నుంచీ పిక్కలు పట్టేస్తున్నాయని అప్పుడు బయటపెట్టింది. వీరలక్ష్మి రేవతి వైపు ఒకసారి చూసి, కర్రలు తీసుకుని తన చోట నిలబడింది. దీప్తి స్వీటు బాక్సు తెస్తానంది.

వెళ్ళేముందు మాస్టారు రేవతిని పక్కకి పిలిచారు. "ఆ నిదానం పాట... నాకొక కాపీ ఇస్తావా అమ్మా? నా దగ్గర లేదు. నా పాట నేను వినే అవకాశమే లేకపోయింది."

ఆ రాత్రే రేవతి పోటీ పాట ఉన్న పెన్ డ్రైవులోనే దాన్ని కూడా ఎక్కించింది, పోటీ అయ్యాక ఆయన చేతికిచ్చేయొచ్చని. మొదటిదానికి కోలాటం అని పేరు పెట్టింది. రెండోదానికీ కోలాటం అనే పెట్టి పక్కన ఒకటి అంకె వేసింది.

*

గుడివాడలో కల్యాణ మండపం పొద్దున పది గంటలకే కిక్కిరిసిపోయింది. పదకొండు జట్లు. ఎటు చూసినా ఆకుపచ్చ అంచు, ఎర్ర అంచు, మల్లెపూలు, పిన్నీసుల కోసం పరుగులు. నాగాయలంక వాళ్ళది ఆరో నంబరు. భార్గవి దరఖాస్తు నింపి ఇచ్చింది. రేవతి పెన్ డ్రైవు సౌండు బల్ల దగ్గరిచ్చి, "కోలాటం అని ఉంటుందండీ," అని చెప్పి, పూలు పెట్టుకోవడానికి పరుగెత్తింది.

"ఇప్పుడు నాగాయలంక మహిళా బృందం," అని మైకులో వినపడింది. "గురువు సోమేశ్వరరావు గారు. మధుర గానం, కుమారి భవిత!"

ఎనిమిది జంటలూ వరస కట్టాయి. కర్రలు లేచాయి. పాట మొదలైంది.

మధురంగానే ఉంది. కానీ అరవై ఏళ్ళ మగవాడి గొంతులా ఉంది.  మండపం వెనక నుంచి ఎవరో, "కుమారి గారికి మీసాలున్నట్టున్నాయే," అన్నారు. హాలంతా గొల్లుమంది.

సౌండు బల్ల ఆయన రెండో కోలాటం పెట్టాడని రేవతికి అర్థమైంది. రెండో పంక్తికల్లా పదహారు తలకాయలూ ఒకేసారి స్టేజీ పక్కకి తిరిగాయి. అక్కడ మాస్టారు తెర పట్టుకుని, తెరకంటే తెల్లగా నిలబడి ఉన్నారు.

"మన మాస్టారే," అంది ప్రసన్న పెదాలు కదపకుండా.

"అడుగెయ్యి ముందు," అంది వీరలక్ష్మి.

ముందుగా అందుకుంది ఆవిడ కాలే. మిగతావాళ్ళు ఆ కాలు చూసి అందుకున్నారు. పాట చాలా నిదానం. నిదానంగా ఆడటం ఎంత కష్టమో వాళ్ళకి అప్పుడే తెలిసింది. ప్రసన్న కర్ర ముందే వెళ్ళి గాలిని కొట్టి తిరిగొచ్చింది. భార్గవి ఒక అడుగు ముందుకేసి మళ్ళీ వెనక్కేసింది. "ఆగు... ఆగు... ఇప్పుడు," అని వీరలక్ష్మి గొణుగుతూనే ఉంది, మిషను మీద మెలిక కుట్టు నేర్పినట్టు. రెండో చరణానికి పదహారుమందీ పాటలోకి కుదురుకున్నారు. నవ్వులు ఎప్పుడాగాయో రేవతికి తెలియలేదు.

మూడో చరణం మధ్యలో గంట మోగింది. ఐదున్నర నిమిషాలు. సౌండు బల్ల ఆయన నియమం ప్రకారం పాట ఆపేశాడు.

పైకెత్తిన కర్రలు పైనే ఉండిపోయాయి. రేవతికి ఏడుపొచ్చింది. తన చేతులారా చేసింది ఇదంతా.

అప్పుడు పక్కనుంచి, ఆగిన ముక్క దగ్గర్నుంచే, పాట మళ్ళీ మొదలైంది. మాస్టారు తాళాలు వేసుకుంటూ తెర ముందుకొచ్చారు. వ్యాఖ్యాత చేతిలో మైకు ఇటే తిరిగి ఉంది. ఒక పంక్తి పాడారు. రెండోది పాడారు. మూడోదానికి ముందు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. అది మైకులో పడి, హంసలదీవి సముద్రమంతా మండపంలోకి వచ్చినట్టు వినపడింది.

వీరలక్ష్మి కర్ర గాల్లో ఆగింది. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగింది. మిగిలిన పదిహేనుమందీ ఆగారు. ఆయన అందుకోగానే అన్ని కర్రలూ ఒక్కసారే దిగాయి. మళ్ళీ రెండు పంక్తులు, మళ్ళీ ఊపిరి, మళ్ళీ అందరూ ఆగడం. పాట అలాగే ఆగుతూ ఆగుతూ చివరిదాకా వెళ్ళింది. ఆఖరి దెబ్బకి మాస్టారు తాళాలు పట్టుకునే వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు ఇంకా ఏమైనా ఉందేమోనని చూశారు.

న్యాయనిర్ణేతల్లో ఒకావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నాక, సమయం మించినందుకు జట్టుని పోటీ నుంచి తప్పించారు.

బయట వేపచెట్టు కింద భార్గవి దరఖాస్తు నకలు పట్టుకుని నిలబడింది. "గానం కుమారి భవిత అని నా చేత్తో నేను రాశానండీ మాస్టారూ!"

"ఆవిడకని తెచ్చిన జాకెట్టు గుడ్డో?" అంది ప్రసన్న.

"పెన్ డ్రైవులో రెండూ పెట్టింది నేనే వదినా, తప్పు నాది," అని రేవతి చెప్పబోయింది. ఎవరూ వినిపించుకోలేదు.

"పెరుగు తినదన్నారు!" ఇంకెవరో అడిగారు, అన్నిటికంటే అదే పెద్ద మోసమన్నట్టు.

"నేనే తిననమ్మా," అన్నారు మాస్టారు. "కఫం చేస్తుంది."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వీ నవ్వీ భార్గవి దరఖాస్తుతోనే విసురుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. వచ్చి వీరలక్ష్మి ఎదురుగా నిలబడ్డారు.

"మంగళవారం మీకు అనరాని మాటన్నాను వీరలక్ష్మి గారూ. పద్దెనిమిది చోట్ల నా ఊపిరి నేను కోయించుకుని, మిమ్మల్ని ఎందుకు పీల్చారని అడిగాను."

వీరలక్ష్మి కర్రలు చంకలో పెట్టుకుంది. "బాధేసింది మాస్టారూ. వెయ్యలేదని అబద్ధమెందుకు చెప్పాలి," అంది. తర్వాత, "పాట మాత్రం ఇదే బాగుంది. ఆ పిల్ల పాడితే మాటలు తెలిసేవి కావు. ఇవాళే అర్థమైంది మీరేం రాశారో. పదండి, ఆకలేస్తోంది," అంది.

పామర్రులో టిఫిన్లు చేసి మళ్ళీ వ్యానెక్కారు. చల్లపల్లి రోడ్డు మీద రెండువైపులా చేలు కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నాయి. దీప్తి ఫోనులో తీసిన వీడియో చేతులు మారుతోంది.

"మాస్టారూ, మొదట్నుంచీ ఒకసారి పాడండి," అంది వీరలక్ష్మి.

"ఇప్పుడా? ఆయాసమొస్తుందమ్మా."

"రానివ్వండి. మాకేం తొందర?"

ఆయన గొంతు సవరించుకున్నారు. పల్లవి ఎత్తుకున్నారు. ఊపిరి కోసం ఆగిన చోటల్లా వెనక సీట్లవాళ్ళు ఆ మాటనే పట్టుకుని నిలిపి ఉంచుతున్నారు. రెండో చరణానికి ఆయన పీల్చే చప్పుడు వ్యాను ఇంజనుకి మించి వినపడింది. డ్రైవరు అద్దంలోంచి కంగారుగా చూసి బ్రేకు మీద కాలేశాడు.

"పెద్దాయనకి బాగోలేదాండీ? ఆపమంటారా?"

"వద్దు నాయనా, పోనీ," అన్నారు పదహారుమందీ. "పాటింకా ఉంది."